పసిపాప మేజోడు

లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఒక చిన్న మేజోడు భద్రపరచబడి ఉన్నది. అది ఎడమ కాలిది. దానికి జత లేదు. రంగురంగుల ఉన్ని దారాలతో అడ్డచారలు వచ్చేటట్లు అల్లిన ఈ మేజోడులో బొటనవ్రేలికి ఒక అర, తక్కిన నాలుగు వ్రేళ్ళకు మరొక అర ఉన్నాయి. పట్టీ గల చెప్పులు తొడుక్కొనే దేశంలో మేజోడు ఆ విధంగా ఉండటమే సౌకర్యం. దీనిని తొడుక్కొన్నది ఒక చిన్న బిడ్డ. కాలం సుమారు క్రీ.శ. 300. ఈజిప్టులో నైలు నది ఒడ్డున వెలసిన ఆంటినోపొలిస్ అనే పట్టణపు చెత్తదిబ్బను 1913-14లో త్రవ్వినపుడు ఇది బయటపడినది. వర్షమెరుగని ఆ ఎడారి నేలలో ఉన్నిని తినే సూక్ష్మజీవులకు తేమ చాలదు. అందువలననే రాజుల కిరీటాలు ఎన్నో కరిగిపోయిన చోట ఒక పసిబిడ్డ పారవేసిన మేజోడు పదిహేడు వందల సంవత్సరాలు నిలిచినది.

ఈ మేజోడులోని రంగులేమిటో తెలుసుకోవాలంటే పూర్వం ఒక దారపు ముక్కను కత్తిరించి రసాయన పరీక్ష చేయవలసి వచ్చేది. ఇంత చిన్న వస్తువు నుండి ముక్క తీయటానికి ఎవరికి మనసొప్పుతుంది? 2018లో ఆ మ్యూజియం శాస్త్రజ్ఞులు వేరొక ఉపాయాన్ని ప్రకటించారు. మేజోడుపై మామూలు కాంతిని, అతినీలలోహిత కాంతిని, పరారుణ కాంతిని విడివిడిగా ప్రసరింపజేసి, ప్రతిసారీ ఫొటోలు తీశారు. ఒక్కొక్క అద్దకపు రంగు ఒక్కొక్క కాంతిలో ఒక్కొక్క తీరుగా మెరుస్తుంది, లేక మసకబారుతుంది. ఆ మెరుపులను పోల్చి చూడగా ఏడు వన్నెలున్న ఆ మేజోడుకు వాడినవి మూడే మూడు మొక్కల రంగులని తేలినది: ఎరుపుకు మన మంజిష్ఠకు దగ్గరి చుట్టమైన మ్యాడర్ వేరు, నీలానికి వోడ్ ఆకు, పసుపుకు వెల్డ్ అనే మొక్క. ఈ మూడింటిని ఒకదానిపై ఒకటి అద్ది, కలిపి, పలుచన చేసి ఆ అద్దకందారు ఏడు వన్నెలు సాధించాడు. చెత్తకుప్పలోకి పోయే పసిపాప మేజోడుకు ఇంత శ్రమ! చలి కాచుకొనటానికి ఒక్క రంగు ఉన్ని సరిపోదా? సరిపోతుంది. కాని బిడ్డకు తొడిగే గుడ్డ ఏ కాలంలోనూ చలికోసం మాత్రమే తయారు కాలేదు. వెచ్చదనం బిడ్డకు కావాలి, అందం పెద్దల కళ్ళకు కావాలి. ఈ రెండు కోరికలు ఎన్నోసార్లు చేయి కలిపి నడిచాయి, కొన్నిసార్లు ఒకదానికొకటి అడ్డుపడ్డాయి. అడ్డుపడిన సందర్భాలలో నష్టపోయినది బిడ్డయే.

ఈ మేజోడు మనం నేడు చూచే రెండు సూదుల అల్లిక కాదు. లావుపాటి కన్ను గల ఒకే ఒక సూదికి మూరెడో బారెడో దారం ఎక్కించి, ఆ దారాన్నంతా ప్రతి ఉచ్చులో నుండి పూర్తిగా లాగుతూ ముడివేసినట్లు అల్లినది. దారం అయిపోతే మరొక ముక్క జోడించాలి. పని చాలా నెమ్మది. కాని ఒకచోట తెగినా అల్లిక విడిపోదు. రెండు సూదుల అల్లిక దీనికి పూర్తిగా భిన్నం. అందులో దారపు ఉండ ఎంత పొడవైనా ఉండవచ్చును. ఒక సూదిపై వరుసగా ఉన్న ఉచ్చులలో నుండి రెండవ సూదితో కొత్త ఉచ్చులను బయటకు లాగుతారు. ప్రతి ఉచ్చుకు ఆధారం దాని పై వరుసలోని ఉచ్చు మాత్రమే. కొస పట్టుకొని లాగితే వస్త్రమంతా తిరిగి దారమైపోతుంది. ఇది లోపమనుకొంటే లోపం, గుణమనుకొంటే గుణం. ఆరు నెలలకే చొక్కా పొట్టిదయ్యే పసిబిడ్డ విషయంలో ఇది తప్పక గుణమే. పాత చొక్కాను విప్పి, దారం కడిగి, మరికొంత చేర్చి పెద్ద చొక్కా అల్లుకోవచ్చును. నేతబట్టతో ఈ పని సాధ్యం కాదు.

అల్లిక సాగటంలో కూడా ఒక విశేషం ఉన్నది. నేతబట్టలో పడుగు, పేక తిన్నగా ఉంటాయి. వాటిని లాగితే దారమే సాగాలి, దారం అంతగా సాగదు. అల్లికలో దారం వంకరలు తిరిగి ఉంటుంది. లాగినపుడు దారం పొడవు మారదు, ఉచ్చు ఆకారం మాత్రం మారుతుంది: గుండ్రనిది కోలగా అవుతుంది, వదలితే మళ్ళీ గుండ్రమవుతుంది. ఏ మాత్రం సాగని దారంతో సాగే వస్త్రాన్ని పుట్టించటమన్నమాట. ఉచ్చుల ఈ జ్యామితిని గణితంతో వివరించే ప్రయత్నాలలో 1947లో పీర్స్ అనే శాస్త్రజ్ఞుడు ప్రచురించిన వ్యాసం ప్రసిద్ధమైనది. తల పెద్దది, మెడ చిన్నది, చేతులు కుదురుగా ఉంచనిది అయిన పసిపాపకు గుడ్డ తొడగటం ఎంత కష్టమో తల్లులెరుగుదురు. సాగి మళ్ళీ ముడుచుకొనే అల్లిక అందుకే పసివారి దుస్తులకు అంతగా నప్పినది.

రెండు సూదుల అల్లిక ఎక్కడ పుట్టినదో చెప్పే శాసనాలు లేవు. తెలిసినంతలో మిక్కిలి పాత నమూనాలు మళ్ళీ ఈజిప్టులోనివే. సుమారు 11వ శతాబ్దం నుండి 14వ శతాబ్దం వరకు అక్కడ అల్లిన నూలు మేజోళ్ళు కొన్ని దొరికినవి. తెల్లని నూలుపై నీలిమందు అద్దిన దారంతో అరబ్బీ అక్షరాలను, సన్నని రేఖాచిత్రాలను అల్లారు. ఇంత నైపుణ్యం ఒక్కనాటిది కాదు. వాటి వెనుక ఎన్నో తరాల అభ్యాసం ఉండి తీరాలి. అక్కడి నుండి ఈ విద్య స్పెయినుకు చేరినది. 1275లో మరణించిన ఫెర్నాండో యువరాజు సమాధిలో, బుర్గోస్ నగరపు మఠంలో, పట్టుతో అల్లిన దిండు గలీబు దొరికినది. అంగుళానికి దాదాపు ఇరవై ఉచ్చులు! నేటి చేతి అల్లికలో అందులో సగం కూడా సాధారణంగా కనిపించదు.

పసిబిడ్డకోసం అల్లుతున్న తల్లిని మొట్టమొదట చూపినవారు చిత్రకారులు. 14వ శతాబ్దం మధ్యలో ఇటలీలోని సియెనా చిత్రకారుడు అంబ్రోజియో లొరెంజెట్టి, బాలయేసు పక్కన కూర్చుండి అల్లుతున్న మరియమ్మను చిత్రించాడు. సుమారు 1400 ప్రాంతంలో జర్మనీలో మాస్టర్ బెర్‌ట్రామ్ పేరుతో ప్రసిద్ధమైన చిత్రం ఇంకా స్పష్టమైనది. అది నేడు హాంబర్గులో ఉన్నది. అందులో మరియమ్మ బిడ్డకు చొక్కా అల్లుతున్నది. నాలుగు సూదులు స్పష్టంగా కనిపిస్తాయి. పని ఇంచుమించు పూర్తయి మెడ దగ్గరకు వచ్చినది. నాలుగైదు సూదులతో చుట్టూ తిప్పుతూ అల్లితే గొట్టంలా అతుకు లేకుండా వస్త్రం వస్తుంది. లేత చర్మాన్ని ఒరిసే కుట్టు గీత ఉండదు. చిత్రకారునికి మతభావమే ముఖ్యం కావచ్చును. కాని సూదులు పట్టిన తీరు చూస్తే ఆయన ఆ పనిని ఎవరింటిలోనో దగ్గరగా చూచాడని తెలిసిపోతుంది.

యూరపులో అల్లిక ఇంతగా వ్యాపించినా పసిబిడ్డలకు చాలా కాలం వరకు దాని సుఖం పూర్తిగా దక్కలేదు. కారణం పొత్తిగుడ్డలు. పుట్టిన బిడ్డను మెడనుండి పాదాల వరకు పొడవైన పట్టీలతో, కట్టుకట్టినట్లు బిగించి చుట్టేవారు. అలా చుట్టకపోతే ఎముకలు వంకర తిరుగుతాయని వారి నమ్మకం. దానిపై కుళ్ళాయి, నుదుటిపట్టీ, మళ్ళీ మరొక కుళ్ళాయి. 1748లో విలియం కాడొగన్ అనే వైద్యుడు ఈ అలవాటును తీవ్రంగా ఖండిస్తూ ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. బిడ్డకు చేతులు కాళ్ళు ఆడించుకొనే వీలుండాలనీ, చేతులు లేని చిన్న ఫ్లానెల్ రవిక, దానికి కుట్టిన పావడ, పైన ఒక వదులు గౌను చాలుననీ ఆయన వాదించాడు. మేజోళ్ళు, జోళ్ళు కూడా పసివారికి అనవసరపు బరువే అన్నాడు. మేజోడుతో ఆరంభించిన ఈ వ్యాసానికి ఆ మాట కొంచెం ఇబ్బందికరమే. అయినా 1762లో రూసో తన ‘ఎమీల్’ గ్రంథంలో ఇదే వాదాన్ని ఎత్తుకొన్న తరువాత ఆ శతాబ్దం ముగిసేలోపున ఇంగ్లండులో బిగింపు పొత్తిగుడ్డలు చాలవరకు మాయమైనవి.

కాడొగన్ తన పుస్తకాన్ని రాసినది లండనులోని ఫౌండ్లింగ్ హాస్పిటల్ నిర్వాహకులకు లేఖ రూపంలో. అది పెంచుకొనే శక్తి లేని తల్లులు బిడ్డలను వదలిపోయే అనాథాశ్రమం. 1741లో తలుపులు తెరచినది. తల్లి పేరు అడిగేవారు కారు. బిడ్డను తరువాత ఎప్పుడైనా తల్లి తిరిగి తీసుకోదలిస్తే గుర్తు ఉండాలి గదా! అందుకని బిడ్డ ఒంటిమీది బట్టలన్నిటినీ అచ్చుపత్రంలో నమోదు చేసి, తరచు ఆ బట్టనుండే ఒక చిన్న ముక్కను కత్తిరించి ఆ కాగితానికి గుండుసూదితో గుచ్చేవారు. 1741 నుండి 1760 వరకు చేర్చుకొన్న శిశువులు 16,282 మంది. వారి కాగితాలకు గుచ్చిన గుడ్డముక్కలు దాదాపు 5,000 నేటికీ ఉన్నవి. పువ్వుల అద్దకం, చారల నూలు, చేతి కొసన చిన్న కుట్టుపని, ఒక రిబ్బను. ఆ కాలపు సామాన్య స్త్రీలు ఏ బట్టలు కట్టారో తెలిపే ఇంతటి భాండాగారం మరెక్కడా లేదని వస్త్రచరిత్రకారులు అంటారు. అయితే ఆ 16,282 మందిలో తిరిగి తల్లి ఒడికి చేరినవారు 152 మంది మాత్రమే. 1767లో ఒక తల్లి గుడ్డముక్కలు అతికి, హృదయపు బొమ్మ కుట్టి, దానిని రెండుగా కత్తిరించి ఒక సగం బిడ్డతో ఇచ్చినది, మరొక సగం తన దగ్గర ఉంచుకొన్నది. ఎనిమిదేళ్ళ తరువాత 1775లో ఆమె తిరిగి వచ్చి బిడ్డను తీసుకొనిపోయినది. కుట్టుపని కేవలం అలంకారమని అనుకొనేవారు ఈ ఒక్క ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి.

ఆ శతాబ్దంలోనే మన తీరపు బట్ట కూడా యూరపు ఊయెలలలోకి చేరినది. కోరమాండల్ తీరంనుండి డచ్చివారి ఓడలలో వెళ్ళిన కలంకారీ అద్దకపు నూలుబట్టతో హాలెండులో పసిపిల్లల చొక్కాలు, కుళ్ళాయిలు కుట్టేవారు. వాటిలో కొన్ని అక్కడి మ్యూజియాలలో ఇప్పటికీ చూడవచ్చును. ఎన్ని ఉతుకులకైనా వెలవని ఎరుపు వాటి ప్రత్యేకత. ఆ ఎరుపు చిరువేరునుండి వచ్చేది. కృష్ణా ముఖద్వారపు ఇసుకనేలలలో, నిజాంపట్నం ప్రాంతంలో, పెరిగే చిరువేరుకు 17వ శతాబ్దంలోనే విదేశీ వర్తకులలో గొప్ప పేరుండేది. చిరువేరులోను, ఆంటినోపొలిస్ మేజోడుకు వాడిన మ్యాడర్ వేరులోను ఉన్న ఎర్రని పదార్థం ఒకటే: అలిజరిన్. రెండు చోట్లా దానిని దారానికి పట్టించినది పటిక. పటికలోని అల్యూమినియం ఒకవైపు నూలు లేక ఉన్ని పోగును, మరొకవైపు రంగు అణువును పట్టుకొని రెంటికీ మధ్య కొక్కెంలా పనిచేస్తుంది. ఈ అద్దకపు పద్ధతిని 1742లో ఫ్రాన్సుకు వివరంగా రాసి పంపిన జెసూట్ ఫాదరీ కూర్డో మన తెలుగు భాషను కూడా శ్రద్ధగా అభ్యసించినవాడే.

19వ శతాబ్దంలో కథ మలుపు తిరిగినది. 1840 నాటికి బ్రిటనులో అల్లిక నేర్పే అచ్చుపుస్తకాలు వచ్చినవి. అంతవరకు తల్లినుండి కూతురికి కంటిచూపుతో అందిన విద్య అంకెలలోకి, సంకేతాలలోకి మారినది. పసివారి బూట్లు, కుళ్ళాయిలు, శాలువాలు ఆ పుస్తకాలలో ముఖ్యస్థానం ఆక్రమించినవి. స్కాట్లండులోని ఎయిర్ పట్టణంలో జేమిసన్ అనే ఆమె 1814 ప్రాంతంలో పలుచని తెల్లటి మస్లిన్‌పై తెల్లదారంతో కుట్టే పనిని వ్యాపారంగా నెలకొల్పగా, బారసాల వంటి నామకరణోత్సవానికి పసిబిడ్డలకు తొడిగే పొడవాటి గౌనులకు అది ప్రసిద్ధమైనది. షెట్లాండు దీవుల స్త్రీలు ఉంగరంలో నుండి దూరిపోయేటంత సన్నని ఉన్ని శాలువాలు అల్లారు. ఇవన్నీ బాగానే ఉన్నవి. మలుపు రంగులలో వచ్చినది.

1856లో పద్దెనిమిదేళ్ళ విలియం హెన్రీ పెర్కిన్ క్వినైను తయారుచేయబోయి, అనిలిన్ నుండి ఊదారంగును కనుగొన్నాడు. చూస్తూండగానే తారునుండి పదుల కొద్దీ రంగులు పుట్టుకొచ్చినవి. 1869లో అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేసే పద్ధతికి జర్మనులు దరఖాస్తు పెట్టిన మరునాడే పెర్కిన్ కూడా పెట్టాడు. ఒక్క రోజు తేడా! దానితో మ్యాడర్ పొలాలు, చిరువేరు త్రవ్వే కుటుంబాలు ఒక్కసారిగా అవసరం లేనివైనవి. పసివారి దుస్తులకు మాత్రం ఇంతకుముందెన్నడూ ఎరుగని వన్నెలు చవకగా దొరికినవి.

వాటితోపాటు ఎరుగని అపాయమూ వచ్చినది. 1886లో రేనర్ అనే వైద్యుడు ఒక ప్రసూతి వార్డులోని శిశువులు కారణం తెలియకుండా నీలంగా మారటం గమనించి, ఆ వివరం వైద్యపత్రికలో ప్రకటించాడు. ఊపిరితిత్తులలో లోపం లేదు, గుండెలో లోపం లేదు. వెదకగా వెదకగా నేరం పొత్తిగుడ్డలపై ముద్రవేసిన సిరాదని తేలినది. ఆ సిరాలో అనిలిన్ ఉన్నది. కొత్త గుడ్డలను ఉతకకుండానే వాడారు. మూత్రంతో తడిసిన గుడ్డనుండి అనిలిన్ లేత చర్మంలోనుంచి రక్తంలోకి పోయినది. రక్తంలోని హీమోగ్లోబిన్‌లో ఉన్న ఇనుము ప్రాణవాయువును మోయాలంటే ఒక నిర్ణీత స్థితిలో ఉండాలి. అనిలిన్ ప్రభావంతో ఆ ఇనుము ఇంకొక మెట్టు ఆక్సీకరణ చెంది మెథ్‌హీమోగ్లోబిన్‌గా మారి, ప్రాణవాయువును మోయలేకపోతుంది. పెద్దవారిలో దీనిని సరిచేసే ఎంజైము చాలినంత ఉంటుంది. నవజాత శిశువులో తక్కువ. అందుచేత ఆ శిశువులు నీలమైనారు. ఆ తరువాత కూడా ఇటువంటి సంఘటనలు అనేక దేశాలలో బయటపడినవి. తెలుగు ఇళ్ళలో పురుటి రోజులలో బిడ్డకు కొత్తబట్ట వేయక, ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలుచీరె ముక్కలలో పొదివి ఉంచే ఆచారం ఉన్నది. దానికి పెద్దలు చెప్పే కారణాలు వేరు. కాని గంజి, అద్దకపు మిగులు రంగు, మడత పడకుండా వేసే రసాయనాలు అన్నీ వదలిపోయిన గుడ్డకంటె లేతచర్మానికి హితమైనది లేదు.

రెండవ అపాయం ఇంతకంటె ఘోరమైనది. ఉన్ని ఫ్లానెల్ ఖరీదు. దానికి బదులుగా 19వ శతాబ్దం చివర ఫ్లానెలెట్ అనే నూలుబట్ట బజారుకు వచ్చినది. నూలుబట్టను ముళ్ళ రోలర్లతో గీకి పైన నూగు లేపుతారు. తాకితే ఉన్నిలా మెత్తగా, వెచ్చగా ఉంటుంది, ధర కొద్దిపాటిది. పేదతల్లులు తమ బిడ్డల రాత్రి గౌనులు దీనితోనే కుట్టారు, అంచులకు లేసులు, కుచ్చులు పెట్టారు. కాని ఇళ్ళలో వెచ్చదనానికి అడ్డులేని నిప్పుగూళ్ళు. లేపిన నూగులో ప్రతి పోగు చుట్టూ గాలి ఉంటుంది. ఒక రవ్వ పడితే మంట బట్టపై ఒక్క క్షణంలో మెరుపులా పాకిపోయేది. వదులు గౌను, కుచ్చులు ఆ మంటకు పొగగొట్టంలా తోడ్పడేవి. ఎందరో చిన్నపిల్లలు ఈ విధంగా కాలి మరణించారు. విచారణలలో మాటిమాటికీ ఫ్లానెలెట్ పేరు వినిపించి ఇంగ్లండులో పెద్ద ఆందోళన లేచినది.

ఉన్నికి, నూలుకు ఇంత తేడా ఎందుకు? నూలు సెల్యులోజు, కర్బనం, ఉదజని, ఆమ్లజని గలది. వేడికి విచ్ఛిన్నమై మండే వాయువులను ధారాళంగా ఇస్తుంది. ఉన్ని కెరటిన్ అనే మాంసకృత్తు. అందులో నత్రజని, గంధకం ఉన్నవి. తేమ కూడా హెచ్చు. ఉన్ని మండటానికి నూలుకు కావలసిన దానికంటె చాలా ఎక్కువ వేడి కావాలి. మంటనుండి తీసివేస్తే చాలావరకు తానే ఆరిపోతుంది. పాఠశాల ప్రయోగశాలలో ఉపాధ్యాయుని సమక్షంలో, పట్టకారుతో పట్టుకొని, వ్రేలెడు దారాలను దీపానికి చూపితే ఈ భేదం కంటికి కనిపిస్తుంది. నూలుదారం కాగితం కాలిన వాసనతో గబగబ మండి మెత్తని బూడిద అవుతుంది. ఉన్ని వెంట్రుక కాలిన కంపుతో ముడుచుకొని, చిదిమితే పొడి అయ్యే నల్లని పూసగా నిలుస్తుంది. కరిగి గట్టిపూస కట్టితే అది కృత్రిమపు దారం. మన అంగళ్ళలో ఊలు అనే పేరుతో అమ్మే దారంలో చాలా భాగం ఈ మూడవ రకానిదే, అక్రిలిక్.

నూలును మండకుండా చేసే ప్రయత్నాలు అప్పటికి కొత్తవి కావు. 1821లోనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గే-లుసాక్ నాటకశాలల తెరలకోసం అమ్మోనియం ఫాస్ఫేటు, వెలిగారం వంటి లవణాలను పరీక్షించాడు. అవి పనిచేస్తాయి, కాని నీటిలో కరిగిపోతాయి. తెరను ఉతకనక్కరలేదు, పసిబిడ్డ గౌను రోజూ ఉతకాలి. ఈ సమస్యను చేపట్టినవాడు ఆ ఊదారంగు పెర్కిన్ కుమారుడే. అతని పేరు కూడా విలియం హెన్రీ పెర్కినే, మాంచెస్టరులో ఆచార్యుడు. ఎన్నో లవణాలను పరీక్షించిన మీదట బట్టను సోడియం స్టానేటు ద్రావణంలో తడిపి ఆరబెట్టి, తరువాత అమ్మోనియం సల్ఫేటు ద్రావణంలో ముంచి ఆరబెట్టే పద్ధతిని కనిపెట్టాడు. పోగులోపలనే తగరపు ఆక్సైడు ఏర్పడి అక్కడనే నిలిచిపోతుంది. సబ్బుతో పలుమార్లు ఉతికినా పోదు. ఈ బట్ట ‘నాన్‌ఫ్లామ్’ పేరుతో అమ్మకానికి వచ్చినది. ఏమీ చేయకుండానే ‘మండదు’ అని చీటీ అంటించి అమ్మే వర్తకులు కూడా బయలుదేరగా, 1913లో బ్రిటిష్ పార్లమెంటు అట్టి తప్పుడు చీటీలను నేరంగా చేస్తూ చట్టం చేసినది. చట్టం చీటీని సరిదిద్దినదే కాని మామూలు ఫ్లానెలెట్ అమ్మకాన్ని ఆపలేదు. మండని బట్టకు ఖరీదు కొంచెం ఎక్కువ. ఆ కొంచెమే పేదతల్లికి అందనిది.

ఈ అధ్యాయానికి అనుబంధంగా మరొక సంగతి చెప్పాలి. అమెరికాలో 1970ల ఆరంభంలో పిల్లల రాత్రి దుస్తులు తేలికగా మండరాదని నిబంధన పెట్టారు. దానికోసం తయారీదారులు ట్రిస్ అనే బ్రోమిన్ గల రసాయనాన్ని విరివిగా వాడారు. 1977 జనవరిలో ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ అనే శాస్త్రజ్ఞులు ఆ రసాయనం సూక్ష్మజీవులలో జన్యుమార్పులు కలిగిస్తున్నదనీ, క్యాన్సరుకు కారణం కావచ్చుననీ ప్రకటించారు. ఆ సంవత్సరం ఏప్రిలులోనే దానిని నిషేధించారు. నిప్పునుండి కాపాడటానికి వేసిన మందు చర్మంగుండా పిల్లల శరీరంలోకి చేరినదన్నమాట.

ఇక వెచ్చదనం మాట. నవజాత శిశువుకు తన బరువుతో పోలిస్తే చర్మపు వైశాల్యం పెద్దవారికంటె దాదాపు మూడు రెట్లు. తల ఒక్కటే ఆ వైశాల్యంలో సుమారు అయిదవ వంతు. వణికి వేడి పుట్టించుకొనటం పసివారికి చేతకాదు. మెడచుట్టూ, భుజాల మధ్య ఉండే గోధుమవన్నె కొవ్వును కాల్చి మాత్రమే వేడి పుట్టించుకొంటారు. నెలలు నిండకుండా పుట్టినవారిలో ఆ కొవ్వు కూడా తక్కువే. 1900 ప్రాంతంలో పారిస్ వైద్యుడు పియెర్ బ్యుడాన్, చల్లబడిపోయిన చిన్న శిశువులలో మరణాలు ఎంత హెచ్చుగా ఉంటాయో లెక్కలతో చూపాడు. 1958లో అమెరికాలో సిల్వర్మన్, ఆయన సహచరులు ఇంక్యుబేటరు లోపలి వేడిని రెండు మూడు డిగ్రీలు పెంచినంతమాత్రాన బ్రతికిన శిశువుల సంఖ్య స్పష్టంగా పెరిగినదని నిరూపించారు. అల్లిన కుళ్ళాయి చేసే పని సూత్రంలో ఇదే. ఉచ్చుల మధ్య చిక్కుకొన్న నిశ్చలమైన గాలి వేడిని బయటకు పోనివ్వదు. ఉన్ని అయితే తన బరువులో మూడవ వంతు వరకు తేమను పీల్చుకొని కూడా తడిగా తోచదు.

1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కొక్క దానిలో ఇద్దరు ముగ్గురు శిశువులను ఉంచవలసి వచ్చినపుడు ఎడ్గార్ రే అనే వైద్యుడు బిడ్డను తల్లి రొమ్ముపైననే నిలువుగా, చర్మానికి చర్మం తగిలేటట్లు కట్టివుంచే పద్ధతిని ప్రవేశపెట్టాడు. కంగారూ జంతువును చూచి దీనికి ఆ పేరు వచ్చినది. భారతదేశంతో సహా అయిదు దేశాలలో జరిగి 2021లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, తక్కువ బరువు శిశువులకు పుట్టిన వెంటనే ఈ పద్ధతిని ఆరంభిస్తే మరణాలు నాలుగవ వంతు తగ్గుతాయని తేలినది. ఆ సమయంలో బిడ్డ ఒంటిపై ఉండేవి మూడే: నడుముకు ఒక గుడ్డ, తలకు కుళ్ళాయి, కాళ్ళకు మేజోళ్ళు. అయితే ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న శిశువు ఇంటిలో పడుకొన్నపుడు కుళ్ళాయి తీసివేయాలని వైద్యులు చెబుతున్నారు. ఎందుకంటె అధికమైన వేడిని శిశువు వదలిపెట్టేది కూడా ముఖ్యంగా తలనుండే. మన వేసవిలో బారసాలనాడు కేవలం ఫొటోకోసం ఉన్ని కోటు, కుళ్ళాయి, మేజోళ్ళు తొడిగి బిడ్డను ఏడ్పించటం ఏ శాస్త్రానికీ సమ్మతం కాదు.

తెలుగుదేశానికి ఉన్ని అల్లిక అంతగా అవసరం కాలేదు గాని, దాని చెల్లెలనదగిన కొక్కెపు సూది లేసు గోదావరి తీరంలో వేళ్ళూనినది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పగా నరసాపురం, పాలకొల్లు ప్రాంతపు స్త్రీలు నూలుదారంతో అల్లిన లేసులు విదేశాలలోని పసిపిల్లల గౌనుల అంచులపైకి, దిండ్లపైకి చేరినవి. 1982లో మరియా మీస్ అనే జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు ఈ స్త్రీలను గురించి ఒక గ్రంథం వెలువరించి, వారి శ్రమకు దొరికే కూలి ఎంత స్వల్పమో లోకానికి తెలిపినది. వారు చేసేది ఖాళీ సమయపు కాలక్షేపమని అందరూ అనుకొనటమే ఆ స్వల్పపు కూలికి కారణమని ఆమె వాదం. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది.

బిడ్డకు స్వయంగా అల్లదలచినవారికి ఇక మిగిలినది అలంకారపు ప్రశ్న. రిబ్బనుతో మెడదగ్గర ముడివేసే కుళ్ళాయి చూడముచ్చటగా ఉంటుంది. కాని ఆ రిబ్బను ఊయెలకో, మంచపు కమ్మీకో చిక్కుకొంటే ఉరి అవుతుంది. 1996లో అమెరికాలోని వినియోగదారుల రక్షణ సంఘం పిల్లల దుస్తులకు మెడదగ్గర లాగుడు తాళ్ళు ఉండరాదని సూచించినది ఇట్టి మరణాలను చూచియే. గుండీ ఊడితే నోటిలోకి పోతుంది. పూసలు కూడా అంతే. అందుచేత అందం అల్లికలోనే, రంగుచారలలోనే ఉంటే మేలు. ఆంటినోపొలిస్ మేజోడుకు రిబ్బను లేదు, పూస లేదు. రంగుమార్చిన ప్రతిచోటా లోపలివైపు దారపు కొసలు మిగులుతాయి. చేతితొడుగులలో, మేజోళ్ళలో అట్టి వదులు కొస లేక ఉచ్చు బిడ్డ వ్రేలికి చుట్టుకొని బిగిస్తే రక్తప్రసారం ఆగి, వ్రేలు వాచి, ఆలస్యమైతే వ్రేలినే పోగొట్టుకొనవలసి వస్తుంది. బిడ్డ ఏడ్పుకు కారణం తొడుగు లోపల ఉంటుంది కాబట్టి పెద్దలకు వెంటనే తోచదు. వైద్యపత్రికలలో ఇట్టి ఉదంతాలు ఎన్నో నమోదైనవి. అల్లిక ముగిసిన తరువాత తొడుగును లోపలివైపు బయటకు తిప్పి, ప్రతి కొసను వెనుక ఉచ్చులలోకి దూర్చి, మిగిలినదానిని దగ్గరగా కత్తిరించి, తన చిటికెనవ్రేలిని లోపల నాలుగువైపులా త్రిప్పి ఎక్కడా తగులుకొనటం లేదని చూచిన మీదటనే బిడ్డకు తొడగాలి. ఆ తొడుగు తీసినప్పుడల్లా వ్రేళ్ళు ఒకసారి లెక్కపెట్టి చూచుకోవాలి.